చేపకు ఫార్మాలిన్ మచ్చ.. పరీక్ష లేని చోట రైతుకే శిక్ష

కృష్ణా, గోదావరి డెల్టాలో చెరువు గట్టుపై పట్టుబడి పూర్తయి, బొచ్చె, శీలావతి చేపలు ట్రేల్లో ఐసు కింద సర్దుకుని లారీ ఎక్కిన తరువాత వాటిపై రైతుకు అధికారం ఉండదు. సరుకు మీద పడే అపవాదు మాత్రం ఆయన ఊరి పేరుతోనే తిరిగి వస్తుంది. 2018 జూన్, జూలై నెలల్లో జరిగింది ఇదే. కేరళ సరిహద్దు చెక్‌పోస్టుల్లో మొదలైన అలజడి గోవా మీదుగా అస్సాం వరకు పాకి, 2019 జనవరిలో పాట్నా చేపల మార్కెట్‌ను తాకింది. నాలుగు దిక్కులా వినిపించిన పేరు మాత్రం ఒక్కటే.. ‘ఆంధ్రా చేప’. శవాలు కుళ్లకుండా వాడే ద్రావణాన్ని చేపలకు పూస్తున్నారన్న మాట వినగానే వినియోగదారుడు బెదిరిపోవడం సహజం. ఆ బెదురుకు కారణమెంత, అందులో నిజమెంత, ఆ భారాన్ని ఎవరు మోస్తున్నారు అన్న ప్రశ్నలకు ఇన్నేళ్లు గడిచినా సూటి సమాధానం దొరకలేదు. ఆయా రాష్ట్రాలు నిషేధాలు విధించాయి, గడువు తీరగానే ఎత్తివేశాయి. సమస్య మాత్రం లారీలోనే ఉండిపోయింది.

అసలేం జరిగింది?

కేరళ ఆహార భద్రతా విభాగం 2018లో ‘ఆపరేషన్ సాగర్ రాణి’ పేరిట తనిఖీలు చేపట్టింది. ఆ ఏడాది జూన్‌లో కొల్లం జిల్లా ఆర్యంకావు చెక్‌పోస్టు వద్ద ఫార్మాలిన్ కలిసినట్లు గుర్తించిన సుమారు 9,600 కిలోల సరుకును పట్టుకుంది. పొరుగు రాష్ట్రాల నుంచి వస్తున్న చేపలు, రొయ్యలపై నిఘా పెరిగింది. జూలై 12న గోవాలోని మడగావ్ టోకు మార్కెట్‌లో తనిఖీ జరిగింది. తెల్లవారుజామున ఫార్మాలిన్ ఉన్నట్లు చెప్పిన అధికారులే, అదేరోజు ‘అనుమతించిన పరిమితిలోనే ఉంది’ అని ప్రకటించడం పెద్ద దుమారానికి దారితీసింది. చేపలకు ఫార్మాలిన్ కలపడానికి దేశంలో అనుమతే లేనప్పుడు పరిమితి ఎక్కడిదన్నది అక్కడి ప్రజలు వేసిన ప్రశ్న. వారం తిరగకముందే గోవా ప్రభుత్వం ఆ నెలాఖరు వరకు బయటి చేపల దిగుమతిని నిలిపివేసింది. అదే నెలలో అస్సాం పది రోజుల నిషేధం విధించగా, ఈశాన్యంలోని మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. 2019 జనవరిలో బిహార్ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చే చేపల విక్రయాలను పాట్నాలో పదిహేను రోజులపాటు ఆపివేసింది.

ఈ తేదీలను క్యాలెండరుపై పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. పశ్చిమ తీరంలో మరపడవల వేటపై నిషేధం జూన్‌లో మొదలై జూలై 31 వరకు అమలులో ఉంటుంది. ఆ రెండు నెలలు కేరళ, గోవా మార్కెట్లకు సొంత చేప తగ్గిపోతుంది. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది కనుక, సరిగ్గా అప్పుడే ఇక్కడి సముద్రపు సరుకు పడమటి దారి పడుతుంది. అంటే ఏడాది మొత్తంలో చేప అత్యంత దూరం ప్రయాణించే రోజులు, గిరాకీ మిక్కిలిగా ఉండే రోజులు, వర్షాలకు రహదారులు దెబ్బతినే రోజులు ఒకేసారి వస్తాయి. కల్తీకి అవకాశం, ఆకర్షణ రెండూ పెరిగేది ఆ సమయంలోనే. ఫార్మాలిన్ కేసులు జూన్, జూలైలలో గుంపుగా బయటపడటాన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయలేం.

శవాగారం నుంచి చెరువు దాకా

ఫార్మాల్డిహైడ్ అనే వాయువును నీటిలో కరిగిస్తే వచ్చేదే ఫార్మాలిన్. మార్కెట్‌లో దొరికే ద్రావణంలో ఆ వాయువు 37 నుంచి 40 శాతం వరకు ఉంటుంది. ఇది సూక్ష్మజీవులను చంపుతుంది, మాంసకృత్తులను ఒకదానితో మరొకటి ముడివేసి కండను బిగుసుకుపోయేలా చేస్తుంది. మృతదేహాలు, ప్రయోగశాలల్లోని నమూనాలు ఏళ్ల తరబడి చెడకపోవడానికి కారణం ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అయితే ఆ నిర్ణయానికి ఆధారమైనది ప్రధానంగా కర్మాగారాలు, శవ సంరక్షణ శాలల్లో ఏళ్ల తరబడి ఆ వాయువును పీల్చిన కార్మికుల అనుభవం. తిండి ద్వారా వెళ్లినప్పుడు పెద్ద మోతాదులో నోటిని, అన్నవాహికను, కడుపును కాల్చివేస్తుందన్నది స్పష్టం. స్వల్ప మోతాదులో దీర్ఘకాలం తింటే ఏమవుతుందన్న విషయంలో ఆధారాలు అంత గట్టిగా లేవు. అంతమాత్రాన తినవచ్చని అర్థం కాదు. ఆహారంలో దానికి చోటే లేదన్నది చట్టం మాట, అందులో రాజీ అనవసరం.

డెల్టాలో ఫార్మాలిన్ కొత్త వస్తువు కాదన్న సంగతిని ఈ చర్చలో చాలామంది విస్మరించారు. రొయ్య పిల్లల హేచరీల్లో, చేపల చెరువుల్లో పరాన్నజీవులు, బూజు తెగుళ్ల నివారణకు దీన్ని మందుగా వాడటం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. ఆక్వా మందుల దుకాణాల్లో అది దొరకడంలో వింత లేదు. బతికున్న చేపకు చెరువు నీటిలో బాగా పలుచన చేసి ఇచ్చే మందు వేరు, చనిపోయిన చేపపై పూసే ద్రావణం వేరు. మొదటిది వాడిన కొద్దికాలానికి నీటిలో విచ్ఛిన్నమైపోతుంది. రెండోది కండలోకి ఇంకి అక్కడే ఉంటుంది. కాకపోతే ఒకే సీసా రెండు పనులకూ పనికివస్తుంది కాబట్టి, అమ్మకాలపై లెక్కాపత్రం లేనిచోట ఏ సీసా ఎటు వెళ్లిందో చెప్పగలవారు ఉండరు. బంగ్లాదేశ్ 2015లో ఫార్మాలిన్ నియంత్రణకు ప్రత్యేకంగా చట్టమే చేసి దిగుమతి, నిల్వ, విక్రయాలను లైసెన్సు కిందికి తెచ్చింది. ఆ స్థాయి కట్టడి మన దగ్గర లేదు.

ఐసు ఉంటే ఫార్మాలిన్ ఎందుకు?

రైతులు, ఎగుమతిదారులు మొదటినుంచీ వినిపిస్తున్న వాదన ఇది. వాదనలో బలముంది. బొచ్చె, శీలావతి వంటి మంచినీటి చేపను పట్టిన వెంటనే కడిగి, చేప బరువుకు సమానంగా ఐసు వేసి సున్నా డిగ్రీల చేరువలో ఉంచితే సుమారు రెండు వారాలపాటు తినడానికి యోగ్యంగా ఉంటుంది. భీమవరం, ఆకివీడు, కైకలూరు ప్రాంతాల నుంచి కోల్‌కతాకు దాదాపు 1,200 కిలోమీటర్లు. గువాహటికి రెండు వేలకు పైమాటే. లారీ ఎంత నిదానంగా నడిచినా నాలుగైదు రోజుల ప్రయాణం. ఐసు సరిగా ఉంటే చేప చెడిపోవలసిన అవసరం లేదు. అటువంటప్పుడు పట్టుబడితే సరుకంతా ధ్వంసమయ్యే ప్రమాదాన్ని కోరి తెచ్చుకునే వ్యాపారి ఎవరన్నది వారి ప్రశ్న.

సమాధానం ఆ వాదనలోనే దాగి ఉంది. ‘ఐసు సరిగా ఉంటే’ అన్న మాట దగ్గరే లెక్క తప్పుతోంది. ఐసు బరువు పెరిగేకొద్దీ లారీలో చేప బరువు తగ్గుతుంది. కిరాయి మొత్తం బండికి కాబట్టి ఐసు మోసిన ప్రతి కిలో వ్యాపారి దృష్టిలో నష్టమే. టార్పాలిన్ కప్పిన మామూలు లారీలో ఎండకు దిమ్మలు కరిగిపోతాయి. దారిలో ఒకటి రెండు చోట్ల ఆపి మళ్లీ నింపాలి. ఆ ఐసు ఎటువంటి నీటితో తయారైందో అడిగేవారుండరు. గమ్యం చేరాక మొదటి రోజు అమ్ముడుపోని సరుకు రెండో రోజుకు, మూడో రోజుకు మిగులుతుంది. చిల్లర వ్యాపారి వద్ద శీతల గిడ్డంగి ఉండదు. ఫార్మాలిన్ ప్రలోభం చెరువు గట్టు దగ్గరకంటే ప్రయాణం చివరి అంచెల్లోనే ఎక్కువగా ఉండేందుకు ఇన్ని కారణాలున్నాయి. అయితే ఏ అంచెలో కలిసిందో నిర్ధారించే ప్రయత్నం 2018 వివాదంలో బలంగా జరగలేదు. నమూనా తీసింది మార్కెట్‌లో, నింద వేసింది మూలంపై. లారీ ఎక్కే ముందు పరీక్ష జరిగి ఉంటే ఆ నిందను కాగితం చూపి తిప్పికొట్టే అవకాశం ఆంధ్రప్రదేశ్‌కు ఉండేది. ఆ కాగితం లేకనే అప్పట్లో ఇక్కడి నుంచి వెలువడిన ఖండనలు ఖండనలుగానే మిగిలిపోయాయి.

గోవా ఈ విషయంలో కొంత ముందుచూపు కనబరిచింది. నిషేధంతో ఆగకుండా, వేడి చొరబడని ఇన్సులేటెడ్ వాహనాల్లోనే చేపలు రావాలని, వ్యాపారులు నమోదు చేసుకోవాలని 2018 చివరినాటికి షరతు పెట్టింది. మొదట్లో వ్యాపారులు గగ్గోలు పెట్టినా, రసాయనాన్ని వెతకడంకంటే దాని అవసరాన్నే తొలగించడం మేలన్న సూత్రం అందులో ఉంది.

పరీక్షే తప్పయితే..

కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన కాగితపు పట్టీల కిట్లు 2018 జనవరిలో విడుదలయ్యాయి. ఫార్మాల్డిహైడ్‌కు ఒకటి, అమ్మోనియాకు ఒకటి. పట్టీని చేపపై రుద్ది, ద్రావణం చుక్క వేస్తే నిమిషాల్లో రంగు మార్పు కనిపిస్తుంది. కొద్ది రూపాయల ఖర్చుతో గృహిణి సైతం చేసుకోగల పరీక్ష ఇది. కేరళ తనిఖీలకు ఊతమిచ్చింది ఈ కిట్లే. విశాఖపట్నంలో ఆ సంస్థకు పరిశోధన కేంద్రం ఉంది, కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. సంస్థలకు కొదవ లేదు. వాటి పరిజ్ఞానం లోడింగ్ కేంద్రాల దాకా రాలేదన్నదే లోటు.

కిట్ ఫలితాన్ని తుది తీర్పుగా తీసుకోవడంలోనూ ఇబ్బంది ఉంది. కొన్ని సముద్రపు చేపల కండలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం సహజంగా ఉంటుంది. చేప చనిపోయాక, ముఖ్యంగా శీతల నిల్వలో, అది విడిపోయి ఫార్మాల్డిహైడ్‌గా మారుతుంది. బొంబిల్ వంటి రకాల్లో ఎవరూ ఏమీ కలపకపోయినా చెప్పుకోదగిన మోతాదు కనిపించవచ్చు. అందుకే ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ సహజంగా ఏర్పడే ఫార్మాల్డిహైడ్ విషయంలో చేపల రకాన్ని బట్టి వేర్వేరు హద్దులను పరిగణనలోకి తీసుకుంది. గోవా అధికారులు ‘పరిమితి’ అన్న మాట వాడటం వెనక ఈ గందరగోళం కూడా ఉండవచ్చు. అది వివరించి చెప్పలేకపోవడం వారి వైఫల్యం. ఇక్కడ డెల్టా రైతు గమనించవలసిన సంగతి మరొకటుంది. బొచ్చె, శీలావతి, మోసు వంటి మంచినీటి చేపల్లో ఆ సహజ పదార్థం అతి స్వల్పం. కాబట్టి వాటిలో ఫార్మాల్డిహైడ్ పెద్ద మోతాదులో బయటపడితే ‘సహజంగానే వచ్చింది’ అన్న సమర్థన నిలవదు. శాస్త్రం సముద్రపు చేపకు ఇచ్చే సందేహ లాభాన్ని చెరువు చేపకు ఇవ్వదు.

తప్పుడు పరీక్ష ఎంత నష్టం చేయగలదో బంగ్లాదేశ్ అనుభవం చెబుతోంది. అక్కడ గాలిలోని ఫార్మాల్డిహైడ్‌ను కొలిచేందుకు ఉద్దేశించిన యంత్రాన్ని పండ్లు, చేపలపై ప్రయోగించి, సూచీ కదిలిందని టన్నుల కొద్దీ సరుకును రోడ్డుపై తొక్కించారు. ఆ యంత్రం ఆహార పరీక్షకు పనికిరాదని ఆ తరువాత తేలింది. చెక్‌పోస్టు దగ్గర కిట్‌తో అనుమానం, ప్రయోగశాలలో నిర్ధారణ అన్న రెండంచెల పద్ధతి తప్పనిసరి కావడానికి కారణం ఇదే. ప్రయోగశాల వేగమే ఇక్కడ చిక్కుముడి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం ఆహార విశ్లేషకుడు నివేదిక ఇచ్చేందుకు పద్నాలుగు రోజుల గడువు ఉంటుంది. పప్పులకు, నూనెకు ఆ గడువు సరిపోతుంది. పద్నాలుగు రోజులు లారీలో నిలిచిన చేపకు నిర్దోషి అని తీర్పు వచ్చినా కొనే నాథుడుండడు. నిలిపివేస్తే నిర్దోషి నష్టపోతాడు, వదిలేస్తే దోషి అమ్మేసుకుంటాడు. పాడైపోయే సరుకుకు పప్పుల చట్టాన్నే వర్తింపజేయడంలోని అసంబద్ధత ఇది.

ఇదే జిల్లాల్లో రొయ్యల సంగతి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. ఐరోపా, అమెరికా దేశాలకు వెళ్లే రొయ్యలో యాంటీబయోటిక్ అవశేషాలు లేవని నిరూపించేందుకు చెరువులో పట్టుబడికి ముందే నమూనా తీస్తారు. భీమవరంలో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ పరీక్షా కేంద్రం ఉంది. ఎగుమతి తనిఖీ మండలి నిఘా వేరు. రొయ్య తల నల్లబడకుండా వాడే సోడియం మెటాబైసల్ఫైట్‌కు సైతం అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ముడి రొయ్య కిలోకు 100 మిల్లీగ్రాముల పరిమితి ఉంది, దాటితే కంటైనర్ వెనక్కి వస్తుంది. విదేశీయుడు తినే రొయ్యకు ఇన్ని కళ్లు. గువాహటిలోనో, హైదరాబాద్ రాంనగర్‌లోనో సామాన్యుడు కొనే బొచ్చెకు ఆ కళ్లలో ఒక్కటీ లేదు. డాలరు లేని చోట ప్రయోగశాల కూడా లేకపోవడాన్ని ఏ పేరుతో పిలవాలో పాలకులే చెప్పాలి.

ఎండుచేపల్లో ఎండని సమస్య

తాజా చేప మీద కేకలు వేసేవారు ఎండుచేప వైపు తొంగిచూడరు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం వెంబడి నెత్తళ్లు, సావళ్లు, చిన్న రొయ్యలు ఇసుకపైనో, పాత వలలపైనో ఎండబెట్టి సంతలకు పంపేది ఎక్కువగా మత్స్యకార మహిళలే. ఉప్పు, ఎండ.. ఈ రెండే అసలైన నిల్వ సాధనాలు. నీటి శాతం తగ్గి, ఉప్పు తగినంత పడితే ఏ రసాయనంతోనూ పనిలేదు. ముసురు పట్టిన రోజుల్లో చేప ఎండదు, ఈగలు వాలి పురుగు పడుతుంది. అప్పుడు చేతికందే పురుగుమందే దిక్కవుతుంది. ఈ దురలవాటు దక్షిణాసియా తీరమంతటా ఉన్నదేనని, బంగ్లాదేశ్ ఎండుచేపల్లో డీడీటీ వంటి మందుల ఆనవాళ్లు దొరికాయని అక్కడి పరిశోధనలు వెల్లడించాయి. ఇటువంటి పనులకు దుర్వినియోగమయ్యే డైక్లోర్‌వాస్‌ను మన దేశం 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించింది. పొలానికే పనికిరాదన్న మందు తిండి మీద ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. ఫార్మాలిన్ కోసం చేపను రుద్దే పట్టీకి పురుగుమందు దొరకదు. దానికి ఖరీదైన యంత్రాలు కావాలి. నేలకు ఎడంగా కట్టిన తడికలు, ఈగలు దూరని వల, సౌరశక్తితో నడిచే ఆరబెట్టు గదులు ఇందుకు తేలికైన విరుగుడు. పరీక్షకయ్యే ఖర్చులో కొంత తడికెలకు పెడితే పరీక్షతో పనే తగ్గుతుంది.

ఎండుచేప గురించి మరో భయం కూడా ప్రచారంలో ఉంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘చైనా పద్ధతి ఉప్పుచేప’ను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టిన మాట నిజం. దక్షిణ చైనాలో పులిసే దశ దాకా ఉంచి తయారుచేసే ఆ చేపలో నైట్రోసమైన్లు ఏర్పడతాయని, పసితనం నుంచి తినేవారిలో ముక్కు వెనుక భాగపు క్యాన్సర్ అధికమని గుర్తించారు. ఆ ముద్రను మన తీరంలోని ప్రతి ఎండుచేపకూ అంటగట్టడం సరికాదు. తయారీ వేరు, తినే తీరు వేరు. రక్తపోటు ఉన్నవారికి అందులోని ఉప్పు చేసే చెరుపు మాత్రం సందేహం లేనిది.

సాసేజీలో గులాబీ రంగు ఎక్కడిది?

జిల్లా కేంద్రాల్లోని సూపర్ మార్కెట్లు, బేకరీల ఫ్రీజర్లలోకి కొన్నేళ్లుగా చికెన్ సాసేజీలు, సలామీలు వచ్చి చేరాయి. ఉడికించినా వాటి కండ గులాబీ రంగులోనే ఉంటుంది. ఇంట్లో వండిన కోడికూర తెల్లబడుతుంది, ఇది ఎందుకు బడదు అన్న అనుమానం రావలసిందే. సోడియం నైట్రైట్ అనే నిల్వ పదార్థం కండలోని రంగుతో కలిసి ఆ వర్ణాన్ని నిలుపుతుంది. పూర్వం పాశ్చాత్యులు మాంసాన్ని ఉప్పుతో పాటు సురేకారం పట్టించి నిల్వచేసేవారు. సురేకారంలోని నైట్రేట్ సూక్ష్మజీవుల వల్ల నైట్రైట్‌గా మారి పనిచేస్తుందని తెలిశాక, నేరుగా నైట్రైట్‌నే కొలిచి వేయడం మొదలైంది. దాని అసలు పని రంగు కాదు, బొటులిజం అనే ప్రాణాంతక వ్యాధికి కారణమయ్యే విషాన్ని పుట్టించే సూక్ష్మజీవిని ఎదగనివ్వకపోవడం. ఫార్మాలిన్‌కూ దీనికీ ఉన్న భేదం ఇక్కడే ఉంది. నైట్రైట్‌కు అనుమతి ఉంది, హద్దు ఉంది, కవరుపై చెప్పవలసిన బాధ్యత ఉంది.

హద్దులో ఉన్నదంతా నిరపాయమని చెప్పలేం. అధిక వేడిపై వేయించినప్పుడు, కడుపులోని ఆమ్లంలోనూ నైట్రైట్ నుంచి నైట్రోసమైన్లు ఏర్పడతాయి. 2015 అక్టోబరులో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిల్వచేసిన మాంసాన్ని మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తినేవారిలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని పేర్కొంది. ఆ అంకెను చూసి నూటికి పద్దెనిమిది మందికి క్యాన్సర్ వస్తుందని అప్పట్లో కొందరు భయపెట్టారు. అది అపార్థం. నూటికి ఐదుగురికి వచ్చే అవకాశమున్న సమాజంలో ఆ సంఖ్య ఆరుకు చేరువవుతుందని దాని భావం. సిగరెట్‌ను, సాసేజీని ఒకే వర్గంలో పెట్టడం ఆధారాల బలాన్ని బట్టే తప్ప ప్రమాద తీవ్రతను బట్టి కాదు. ఐరోపా సమాఖ్య 2023లో నైట్రైట్, నైట్రేట్ పరిమితులను మరింత కుదించి, 2025 అక్టోబరు నుంచి అమలుకు పెట్టింది. మన దగ్గర రోజూ సాసేజీ తినేవారు తక్కువే. పిల్లల టిఫిన్ డబ్బాల్లోకి అది అలవాటుగా చేరుతున్న ఇళ్లలో మాత్రం తల్లిదండ్రులు కవరు వెనుక చిన్న అక్షరాల్లో ఐఎన్ఎస్ 249, 250 (నైట్రైట్లు), 251, 252 (నైట్రేట్లు) అంకెలున్నాయేమో చూసుకోవడం మంచిది. విడిగా తూచి అమ్మే సరుకుకు ఆ కవరు కూడా ఉండదు.

గోదావరి జిల్లాల నుంచి హైదరాబాద్‌కు, అక్కడి నుంచి విదేశాల్లోని తెలుగువారికి వెళ్లే రొయ్యల పచ్చడి, చేపల పచ్చడిది మరో కథ. నూనె, ఉప్పు, కారం, పులుపు కలిసి దాన్ని కాపాడతాయి. కొందరు తయారీదారులు సోడియం బెంజోయేట్ కలుపుతారు. అది పుల్లటి పదార్థంలోనే పనిచేస్తుంది. నిమ్మరసమో, వెనిగరో తగ్గించి బెంజోయేట్ పెంచితే డబ్బు వృథా, నిల్వ సున్నా.

కొనేవాడి చేతిలో ఏముంది?

చేపల మార్కెట్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది.. ‘ఈగ వాలని చేప కొనకు’ అని. ఫార్మాలిన్ వాసనకు ఈగలు దూరంగా ఉంటాయన్నది దాని వెనుక నమ్మకం. నిండా ఐసులో ఉన్న మంచి చేప మీద కూడా ఈగ వాలదు. ఆ సామెతను పట్టుకుంటే ఐసు లేకుండా బల్లపై ఎండుతున్న చేపనే ఏరి కొనవలసి వస్తుంది. మొప్పలు ఎర్రగా ఉండి, వాటి సహజమైన జిగురు, నీచు వాసన లేకుండా కండ మాత్రం రబ్బరులా బిగుసుకుపోయి ఉంటే అనుమానించాలి. అది అనుమానమే, నిర్ధారణ కాదు. ఫార్మాల్డిహైడ్ నీటిలో కరుగుతుంది, వేడికి ఆవిరవుతుంది కాబట్టి ధారగా కడిగి బాగా ఉడికిస్తే కొంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో హామీ ఇవ్వలేం. బిగుసుకున్న కండలోని భాగం అలాగే ఉండిపోతుంది. చివరికి వినియోగదారుడి జాగ్రత్తకు ఉన్న పరిధి ఇంతే. మిగిలినదంతా అతడి చేతికి రాకముందే జరగాలి.

అలా ముందే జరగడానికి కావలసినవేమీ అసాధ్యమైనవి కావు. దేశంలో చెరువు చేపల ఉత్పత్తిలో అగ్రస్థానంలో ఉన్న రాష్ట్రానికి లోడింగ్, ప్యాకింగ్ కేంద్రాలు ఎక్కడున్నాయో మత్స్యశాఖకు తెలుసు. బండి కదిలే ముందు కొన్ని ట్రేల నుంచి నమూనా తీసి, పట్టీతో పరీక్షించి, బండి నంబరు, తేదీ, ఐసు పరిమాణం రాసిన ధ్రువపత్రం డ్రైవరు చేతికిస్తే, గువాహటి మార్కెట్‌లో ఫార్మాలిన్ దొరికిన నాడు దోషి ఎవరో వెతికే దూరం సగానికి తగ్గుతుంది. మూలంలో శుభ్రమైన సరుకు గమ్యంలో కల్తీ అయితే బాధ్యత అక్కడి వ్యాపారిది. మూలంలోనే పట్టుబడితే అతడొక్కడే శిక్ష అనుభవిస్తాడు, డెల్టా అంతా కాదు. అస్సాంలో పది రోజులు మార్కెట్ మూతపడితే ఇక్కడ పట్టుబడికి సిద్ధమైన చేప చెరువులోనే మేత తింటూ ఉండిపోతుంది. ఆ మేత ఖర్చు, ఆగిన అప్పు వడ్డీ రైతువే. పత్రం రాసేందుకు పట్టే ఖర్చును దానితో పోల్చనే కూడదు. ఈ పత్రానికి అవతలి రాష్ట్రం గుర్తింపు లేకపోతే విలువ లేదు కాబట్టి, కొనే రాష్ట్రాల ఆహార భద్రతా విభాగాలతో ముందే ఒడంబడిక ఉండాలి. నిషేధం వచ్చాక అధికారుల బృందాలను పంపడంకంటే అది చౌక.

ఎటూ తేలని అంశం ఐసే. ఈశాన్యంలో వానలు ముదిరి కొండచరియలు విరిగిపడితే ఐదు రోజుల ప్రయాణం ఏడెనిమిది రోజులవుతుంది. ఆ అదనపు రోజులకు దారిలో ఐసు ఎక్కడ నింపాలి, ఆ నీరు తాగేందుకు పనికివచ్చేదేనా, ఖర్చు పంపిన వ్యాపారిదా, కొన్న కమీషన్ ఏజెంటుదా, లారీ యజమానిదా అన్నది బేరం కుదిరే వేళ ఎవరూ కాగితంపై పెట్టరు. ఆ మాట కూడా ధ్రువపత్రంలో ఒక గడిగా చేరితే తప్ప, కరిగిన ఐసు చోటు ఏ సీసాతో నిండుతుందో చెప్పడం కష్టం.